ఆర్ ప్రశ్నలు – జవాబులు: నూటొక్క విలువలు అడిగితే ఒక్కటే ఇచ్చే ఫంక్షన్

గణాంక లెక్కలకూ గ్రాఫ్‌లకూ వాడే కంప్యూటర్ భాష ఆర్ గురించి ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో మూడు ఒకే మూలం నుంచి పుట్టిన ఇబ్బందులు కనుక వాటిని కలిపి తీసుకుంటున్నాను. మన పత్రిక అలవాటు ప్రకారం ఆజ్ఞలన్నీ తెలుగు లిపిలోనే అచ్చవుతాయి. కంప్యూటర్‌లో మాత్రం వాటిని ఇంగ్లీషు అక్షరాలతో టైపు చేసుకోవాలి.

ప్రశ్న: సార్ గారికి నమస్కారం. నేను అనంతపురంలో గణాంకశాస్త్రం ఎం.ఎస్సీ. చదువుతున్నాను. మా మండలంలో 30 ఏళ్ల వార్షిక వర్షపాతానికి గామా విభాజనాన్ని అమర్చి, షేప్ పరామితి ఏ విలువ దగ్గర ఉన్నప్పుడు లాగ్ లైక్లీహుడ్ గరిష్ఠమవుతుందో గ్రాఫ్ ద్వారా చూపించాలని ప్రాజెక్టులో అడిగారు. వర్షపాతం విలువలను వాన అనే పేరుతోనూ, వాటి సగటును సగటు అనే పేరుతోనూ ముందే దాచుకుని ఈ ఫంక్షన్ రాశాను:

ఎల్ఎల్ = ఫంక్షన్(కె) సమ్(డిగామా(వాన, షేప్ = కె, స్కేల్ = సగటు / కె, లాగ్ = ట్రూ))

దీనికి 8 ఇస్తే ఒక సంఖ్య, 12 ఇస్తే మరో సంఖ్య సక్రమంగా వస్తున్నాయి. క్యాలిక్యులేటర్‌తో వేసుకున్న లెక్కతో అవి సరిపోయాయి కూడా. కానీ 2 నుంచి 30 వరకు కర్వ్ ఆజ్ఞతో గీయమంటే మాత్రం ససేమిరా అంటోంది. ఇచ్చిన దాన్ని లెక్కగడితే ఎన్ పొడవుగల ఫలితం రాలేదని అర్థమిచ్చే ఎర్రర్ చూపిస్తోంది. నా ప్రోగ్రామ్‌లో ఎన్ అనే పేరే ఎక్కడా లేదు. ఫంక్షన్ తప్పా, ఆజ్ఞ తప్పా తెలియజేయగలరు.

జవాబు: అమ్మా, మిగతా పాఠకుల కోసం ముందు ఒక మాట: డిగామా అనేది గామా సాంద్రతను లెక్కించే ఆజ్ఞ; ఇచ్చిన కె విలువ మీ 30 ఏళ్ల వానలకు ఎంత బాగా సరిపోతుందో చెప్పే సంఖ్యే లాగ్ లైక్లీహుడ్. మీ సూత్రంలో తప్పు లేదు. కర్వ్‌ను పిలిచిన తీరులోనూ తప్పు లేదు. ఆ రెండింటి మధ్య ఉండవలసిన ఒప్పందం ఒకటి కుదరలేదు, అంతే. ఆ ఒప్పందం ఏమిటో తెలిస్తే ఈ ఎర్రర్ మళ్లీ ఎప్పుడు ఎదురైనా మీరే చక్కదిద్దుకోగలరు కనుక కొంచెం విస్తరంగానే రాస్తున్నాను.

ముందుగా ఆ ఎన్ సంగతి. కర్వ్ ఆజ్ఞ వంపు గీతను నిజంగా వంపుగా గీయదు. మీరిచ్చిన రెండు హద్దుల మధ్య సమాన దూరాల్లో కొన్ని బిందువులను తీసుకుని, ప్రతి బిందువు దగ్గరా ఫంక్షన్ విలువ కనుక్కుని, వాటిని చిన్న చిన్న సరళరేఖలతో కలుపుతుంది. ఆ బిందువుల సంఖ్యే ఎన్. మనం వేరే చెప్పకపోతే అది 101 అని తీసుకుంటుంది. మీ ప్రోగ్రామ్‌లో లేని పేరు ఎర్రర్‌లో కనిపించడానికి కారణం ఇదే: అది కర్వ్ తన లోపల వాడుకునే పేరు.

మీరు అనుకున్నదానికీ జరిగినదానికీ తేడా వచ్చింది ఇక్కడే. కర్వ్ ఒక్కో బిందువునూ పట్టుకుని మీ ఫంక్షన్ దగ్గరకు 101 సార్లు వస్తుందని మీరు భావించారు. అది అలా రాదు. 101 విలువలనూ ఒకే వెక్టర్‌గా, అంటే సంఖ్యల వరుసగా, కట్టి ఒక్కసారే పంపిస్తుంది, తిరిగి 101 విలువలు రావాలని ఎదురుచూస్తుంది. బెల్ ల్యాబ్స్‌లో పుట్టిన ఎస్ భాష నుంచి ఆర్‌కు సంక్రమించిన స్వభావం ఇది. ఆర్ దృష్టిలో విడి సంఖ్య అంటూ ఏదీ లేదు. మీరు 8 అని రాసినా అది ఒకే ఒక్క సంఖ్య ఉన్న వెక్టరే. సైన్, లాగ్, వర్గమూలం వంటి ఫంక్షన్లన్నీ ఎన్ని విలువలు తీసుకుంటే అన్ని విలువలూ తిరిగి ఇస్తాయి. కర్వ్ మీ ఫంక్షన్ నుంచి కూడా అదే మర్యాదను ఆశించింది.

మీ ఫంక్షన్ బయటి పొరలో సమ్ ఉంది. ఎన్ని విలువలు లోపలికి వెళ్లినా సమ్ బయటికి ఇచ్చేది ఒక్కటే. 101 అడిగిన చోట ఒకటి వచ్చింది కనుక కర్వ్ ఆగిపోయింది. ఇంతవరకే చెప్పి, ఫలానా ఆజ్ఞ తగిలించండి అని వదిలేయవచ్చు. కానీ ఆ వచ్చిన ఒక్క సంఖ్య ఏమిటో చూడకుండా వదిలేస్తే అసలు ప్రమాదం మీకు తెలియదు.

మీ ఫంక్షన్‌కు 8, 12 రెండింటినీ ఒకేసారి ఇచ్చి చూడండి. ఒక్క సంఖ్యే వస్తుంది. అది 8కి వచ్చిన జవాబు కాదు, 12కి వచ్చినదీ కాదు, ఆ రెండింటి మొత్తమూ కాదు. డిగామాకు ఒకవైపు 30 వర్షపాతాలు, మరోవైపు రెండు షేప్ విలువలు అందాయి. పొడవులు కుదరనప్పుడు ఆర్ పొట్టిదాన్ని మళ్లీ మళ్లీ తిప్పి వాడుతుంది. కాబట్టి మొదటి ఏడాది వానకు 8ని, రెండో ఏడాదికి 12ని, మూడో ఏడాదికి మళ్లీ 8ని వాడి, చివరికి అన్నింటినీ కూడేసింది.

మన మార్కెట్ యార్డులో దీనికి పోలిక చెబుతాను. రెండు కాటాలలో ఏది ఎక్కువ తూగుతోందో తేల్చడానికి 30 బస్తాల వేరుశనగ కాయలు ఉన్నాయనుకోండి. ముప్పై బస్తాలనూ మొదటి కాటా మీద తూచి ఒక మొత్తం, వాటినే రెండో కాటా మీద తూచి ఇంకో మొత్తం రాసుకోవాలి. అలా కాకుండా ఒక బస్తా ఈ కాటా మీద, తరువాతి బస్తా ఆ కాటా మీద పెట్టుకుంటూ పోయి, చివరికి ఒకే మొత్తం చేతికిస్తే అది ఏ కాటా గురించీ ఏమీ చెప్పదు. కర్వ్ 101 విలువలు పంపినప్పుడు మీ ఫంక్షన్‌లో జరిగినది ఇదే. ఈసారి పొట్టిది మీ వర్షపాతం. ఆ 30 విలువలు మూడు చుట్లు పూర్తిగా తిరిగి, నాలుగో చుట్టులో 11వ విలువ దగ్గర ఆగాయి. ఇంత జరిగినా డిగామా ఒక్క హెచ్చరిక కూడా చేయదు. చివర్లో కర్వ్ పొడవు సరిచూడడం వల్లే మీకు సంగతి తెలిసింది.

ఇక పరిష్కారం. అన్నింటికంటే సులువైనది వెక్టరైజ్ అనే ఆజ్ఞ. ఆర్‌లో పెద్దబడి, చిన్నబడి తేడా ఉంటుంది కనుక దీని మొదటి అక్షరాన్ని తప్పకుండా పెద్దబడిలో టైపు చేయాలి.

ఎల్ఎల్వి = వెక్టరైజ్(ఎల్ఎల్)
కర్వ్(ఎల్ఎల్వి, 2, 30)

ఇది మీ ఫంక్షన్‌ను మార్చదు. దాని చుట్టూ ఇంకో పొర వేస్తుంది. 101 విలువలు వచ్చినప్పుడు వాటిని విడదీసి, ఒక్కొక్కటే లోపలికి పంపి, వచ్చిన జవాబులను తిరిగి వరుసగా కట్టి బయటికి ఇస్తుంది. లోపల పని చేసేది ఎమ్అప్లై అనే ఆజ్ఞే కనుక వేగం పెరుగుతుందని ఆశించకండి. మీ ప్రాజెక్టుకు ఆ వేగం అక్కరలేదు కూడా.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పి తీరాలి. కొందరు విద్యార్థులు ఇదే ఫంక్షన్‌ను రెండు ఆర్గ్యుమెంట్లతో, అంటే కెతో పాటు వర్షపాతాన్ని కూడా బయటి నుంచి అందించే విధంగా రాస్తారు. అది మంచి అలవాటే. కానీ అప్పుడు వెక్టరైజ్‌ను ఊరికే పిలిస్తే అది కెను మాత్రమే కాక వర్షపాతాన్ని కూడా విడదీస్తుంది. ఒక్కో కెకు ఒక్కో ఏడాది వాన మాత్రమే జతపడి, 101 జవాబులు నిక్షేపంగా వస్తాయి, పొడవు సరిపోయింది కనుక కర్వ్ అడ్డు చెప్పదు, అర్థం లేని రంపపు పళ్ల గీత ఒకటి తెర మీదికి వస్తుంది. 101ని 30 నిశ్శేషంగా భాగించదు కాబట్టి ఒక హెచ్చరిక కనిపిస్తుంది, కానీ గ్రాఫ్ వచ్చేసిన ఆనందంలో దాన్ని చదివేవారు తక్కువ. అందుచేత రెండు ఆర్గ్యుమెంట్లు ఉన్నప్పుడు, వెక్టరైజ్ డాట్ ఆర్గ్స్ (ఇందులో మొదటి అక్షరం చిన్నబడే) అనే చోట కె పేరును ఒక్కదాన్నే ఇచ్చి, దాన్ని మాత్రమే విడదీయాలని చెప్పండి.

నా మటుకు నాకు నచ్చిన పద్ధతి వేరే ఉంది. అవుటర్ అనే ఆజ్ఞతో 30 వర్షపాతాలను అడ్డువరుసలుగా, 101 షేప్ విలువలను నిలువువరుసలుగా పెట్టి 3,030 గళ్ల మాత్రికను తయారు చేసి, కోల్‌సమ్స్‌తో నిలువునా కూడితే 101 జవాబులు ఒక్కసారిగా వస్తాయి. అన్ని బస్తాలూ అన్ని కాటాల మీదికీ ఎక్కాయని ఆ మాత్రిక కళ్లకు కట్టినట్టు చూపిస్తుంది. వైవాలో అడిగినప్పుడు వివరించడానికి కూడా ఇది తేలిక. అయితే అవుటర్‌కు ఇచ్చే లోపలి ఫంక్షన్‌లో సమ్ ఉండకూడదు. ఉంటే మళ్లీ పొడవు చాలదనే ఎర్రరే వస్తుంది.

మీరు ఎంచుకున్న 2 నుంచి 30 అనే హద్దులు సమంజసమైనవే. గామా విభాజనంలో షేప్ విలువ, వ్యత్యాస గుణకం (ప్రామాణిక విచలనాన్ని సగటుతో భాగిస్తే వచ్చేది) వర్గానికి విలోమం. మీ వర్షపాతంలో వ్యత్యాస గుణకం 30 శాతం ఉంటే షేప్ 1 / 0.09, అంటే సుమారు 11 దగ్గర ఉండాలి. గరిష్ఠ బిందువు ఆ ప్రాంతంలో కనిపించకపోతే మళ్లీ వెతుక్కోవలసినది ఉందన్నమాట. తరువాత ఇదే పనిని నెలవారీ వర్షపాతంతో చేయబోతే ఒక చిక్కు ఎదురవుతుంది. అనంతపురంలో ఫిబ్రవరి వంటి నెలల్లో చుక్క వాన పడని ఏళ్లు ఎన్నో ఉంటాయి. షేప్ ఒకటి కంటే ఎక్కువైనప్పుడు సున్నా దగ్గర గామా సాంద్రత సున్నా, దాని లాగ్ రుణ అనంతం. ఒక్క సున్నా చాలు, మొత్తమంతా రుణ అనంతమై గీత కనిపించకుండా పోతుంది. అప్పుడు వెక్టరైజ్ మీద అనుమానపడకండి. వాన పడని నెలలను విడిగా లెక్కించే నమూనాను ఎంచుకోవాలి.

ప్రశ్న: నేను కర్నూలులో సివిల్ ఇంజనీరింగ్ చివరి సంవత్సరం విద్యార్థిని. మా ఊరి మీదుగా కె.సి. కాలువ పోతుంది కనుక తూము గేటు కింద నీటి ప్రవాహాన్ని ప్రాజెక్టుగా తీసుకున్నాను. గేటు 0.5 మీటరు ఎత్తినప్పుడు, నీటిమట్టం ఆ ఎత్తు దాటకపోతే విశాలమైన కట్టు మీది ప్రవాహ సూత్రాన్నీ, దాటితే రంధ్రం గుండా ప్రవాహ సూత్రాన్నీ వాడాలని ఇఫ్, ఎల్స్‌లతో ఫంక్షన్ రాశాను. నా ల్యాప్‌టాప్‌లో షరతు పొడవు ఒకటి కంటే ఎక్కువగా ఉందని ఎర్రర్ వస్తోంది. అదే ప్రోగ్రామ్ మా సీనియర్ గారి పాత కంప్యూటర్‌లో హెచ్చరిక మాత్రమే ఇచ్చి గ్రాఫ్ గీస్తోంది. పాత వెర్షన్ వేసుకుంటే సరిపోతుందా?

జవాబు: దయచేసి ఆ పని చేయకండి. పాత కంప్యూటర్ గీసిన గ్రాఫ్ తప్పు. ఎంత తప్పో అంకెల్లో చూపిస్తాను.

ఇఫ్ అనేది ఒక్క నిజం లేదా ఒక్క అబద్ధం మీద ఆధారపడి దారి ఎంచుకునే మాట. కర్వ్ పంపిన 101 నీటిమట్టాలను 0.5తో పోల్చితే 101 నిజాలూ అబద్ధాలూ వస్తాయి. పాత ఆర్ వాటిలో మొదటిదాన్ని మాత్రమే చూసి, మిగిలిన వందనూ పక్కనపెట్టి, ఆ సంగతిని ఒక హెచ్చరికగా తెలియజేసేది. 2022లో వచ్చిన 4.2.0 వెర్షన్ నుంచి ఇది ఎర్రర్ అయింది. ఆర్ రూపకర్తలు చేసిన మంచి మార్పుల్లో దీన్ని ఒకటిగా నేను భావిస్తాను.

మీ గ్రాఫ్ సున్నా మట్టం దగ్గర మొదలవుతుంది. మొదటి విలువ 0.5 కంటే తక్కువే కనుక, పాత ఆర్ అన్ని మట్టాలకూ కట్టు సూత్రాన్నే వాడింది. మీటరు వెడల్పుకు కట్టు సూత్రం 1.7 × మట్టం ఘాతం 1.5 అనుకుందాం. మట్టం 3 మీటర్లు ఉంటే ప్రవాహం సెకనుకు 8.83 ఘనపు మీటర్లు అని తేలుతుంది. నిజానికి అక్కడ వాడవలసినది రంధ్రపు సూత్రం: 0.6 × 0.5 × వర్గమూలం(2 × 9.81 × (3 − 0.25)), అంటే 2.20. ఇందులో 0.25 అనేది 0.5 మీటరు రంధ్రంలో సగం ఎత్తు. నాలుగు రెట్ల తేడా. అలాంటి గ్రాఫ్‌ను చూసి కాలువకు నీళ్లు వదిలితే చివరి ఆయకట్టుకు ఏమవుతుందో కర్నూలు వారికి నేను చెప్పనక్కరలేదు.

ఇఫ్ స్థానంలో ఇఫ్ఎల్స్ వాడండి. ఇది ఒకే పదంగా ఉండే వేరే ఫంక్షన్. ప్రతి మట్టానికీ విడివిడిగా షరతు చూసి, తగిన సూత్రపు విలువను ఎంచుకుంటుంది. అయితే ఎంచుకునే ముందు రెండు సూత్రాలనూ అన్ని మట్టాలకూ లెక్కిస్తుంది. మట్టం 0.25 కంటే తక్కువైన చోట రంధ్రపు సూత్రంలో వర్గమూలం లోపల రుణ సంఖ్య వస్తుంది కనుక, ఎన్ఎఎన్ (సంఖ్య కానివి) విలువలు పుట్టాయని హెచ్చరిక కనిపిస్తుంది. ఆ విలువలు మీ జవాబులోకి రావు, గ్రాఫ్ సరిగానే ఉంటుంది. అయినా హెచ్చరికను అలాగే వదిలేయడం నాకు ఇష్టం ఉండదు, ఎందుకంటే అలవాటైన హెచ్చరికల చాటున కొత్తది దాక్కుంటుంది. వర్గమూలం లోపల మట్టం − 0.25 అని నేరుగా రాయకుండా పిమాక్స్(మట్టం − 0.25, 0) అని రాస్తే అది పోతుంది. పిమాక్స్ ఒక్కో విలువనూ విడిగా సున్నాతో పోల్చి పెద్దదాన్ని ఇస్తుంది.

పిమాక్స్ బదులు మాక్స్ రాయకండి. ఈ ఒక్క అక్షరం నన్ను ఒకప్పుడు చాలా బాధపెట్టింది. ఒక నీటి లెక్కల నివేదికకు ఇలాంటి ఫంక్షనే రాస్తూ పి మరిచిపోయాను. ఏ ఎర్రరూ రాలేదు, ఏ హెచ్చరికా రాలేదు. మాక్స్ 101 తేడాలలో పెద్దదాన్ని ఒక్కదాన్నే ఇస్తుంది. మీ గ్రాఫ్ 3 మీటర్ల దాకా ఉంటే అది 3 − 0.25, అంటే 2.75. దానితో లెక్కించిన 2.20 అనే ఒకే ప్రవాహాన్ని ఇఫ్ఎల్స్ గేటు ఎత్తు దాటిన మట్టాలన్నింటికీ సర్దేస్తుంది. గీత 0.5 వరకు చక్కగా లేచి, అక్కడ 0.60 నుంచి ఒక్కసారి 2.20కి ఎగిరి, ఆపైన బల్లపరుపుగా సాగుతుంది. గేటు ప్రవాహాన్ని అదుపు చేస్తోంది కాబట్టే అలా ఉందని నేను సమర్థించుకున్నాను. నివేదికను నాతో పాటు చూసిన ఒక అనుభవజ్ఞుడైన లస్కర్ (కాలువ గేట్లు చూసే ఉద్యోగి), మట్టం పెరిగితే గేటు కింద నీళ్లు జోరెత్తకుండా ఎలా ఉంటాయి అని అడిగిన తరువాతే తప్పు బయటపడింది. సరిగా గీస్తే 0.5 దగ్గర కట్టు సూత్రం 0.60, రంధ్రపు సూత్రం 0.66 ఇస్తాయి. ఆ చిన్న మెట్టు సహజమే, ఎందుకంటే నిజమైన కాలువలో ఒక తీరు నుంచి ఇంకో తీరుకు మార్పు క్రమంగా జరుగుతుంది.

అందువల్ల మీకు నా మనవి ఇది. గీయడానికి ముందు ఫంక్షన్‌కు 0.2, 1, 3 విలువలను ఒక్కొక్కటిగా ఇచ్చి జవాబులు రాసుకోండి. తరువాత ఆ మూడింటినీ ఒకేసారి ఇవ్వండి. రెండుసార్లూ అవే మూడు సంఖ్యలు, అదే వరుసలో రావాలి. మాక్స్ తప్పు ఈ పరీక్షలో ఒక్క నిమిషంలో దొరుకుతుంది: విడిగా ఇచ్చినప్పుడు 1 మీటరుకు 1.15 వస్తుంది, కలిపి ఇస్తే 2.20 వస్తుంది. అనంతపురం అమ్మాయి ఫంక్షన్‌కు కూడా ఇదే పరీక్ష సరిపోతుంది.

మీ షరతులో రెండు భాగాలను జంట ఆంపర్‌సాండ్‌తో (‘మరియు’ అని అర్థమిచ్చే గుర్తు) కలిపి ఉంటే దాన్ని ఒంటి ఆంపర్‌సాండ్‌గా మార్చడం మరిచిపోకండి. జంటది కూడా ఒక్క నిజం మీదే పనిచేస్తుంది. 2023 నాటి 4.3.0 వెర్షన్ నుంచి పొడవైన వెక్టర్ ఇస్తే అది కూడా ఎర్రరే.

ప్రశ్న: కడప బండల వ్యాపారంలో మా నాన్నగారికి లెక్కల్లో సాయం చేస్తుంటాను. దూరాన్ని బట్టి మారే రవాణా ఖర్చుతో పాటు, దూరంతో సంబంధం లేని ధరను కూడా అదే గ్రాఫ్ మీద చూపాలని, ఎప్పుడూ 45 ఇచ్చే ఫంక్షన్ రాశాను. రవాణా ఖర్చు గీత వచ్చింది, ఇది మాత్రం రాలేదు. ఇంత చిన్న ఫంక్షన్‌లో తప్పు ఎక్కడుంది?

జవాబు: 101 దూరాలు అందుకుని మీ ఫంక్షన్ ఒక్క 45 ఇచ్చింది. రవాణా సూత్రంలో దూరం ఉంది కనుక అక్కడ పొడవు తనంతట తానే సరిపోయింది. 45 + 0 × ఎక్స్ అని రాస్తే దూరాలు ఎన్ని ఉంటే అన్ని 45లు వస్తాయి. రెప్ ఆజ్ఞతో, ఎక్స్ పొడవు ఎంత ఉంటే అన్నిసార్లు 45ను తిప్పి రాయమన్నా సరే. గ్రాఫ్ మీద అడ్డగీత మాత్రమే కావాలంటే ఫంక్షనే అక్కరలేదు, ఎబిలైన్ ఆజ్ఞలో హెచ్ = 45 అని ఇస్తే చాలు. మీరు ముందుముందు ఇలాంటి ఫంక్షన్‌ను ఇంటిగ్రేట్‌కు ఇచ్చినా ఇదే అభ్యంతరం వస్తుంది. హద్దులు పరిమితమైనప్పుడు అది ఒక్కో విడతకు 21 బిందువులను ఒకేసారి పంపి, 21 జవాబులు రావాలంటుంది.